ఎడారిలో టొయోటా ఎవరిది?

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వాయవ్యంగా దాదాపు 290 కిలోమీటర్ల దూరంలో యుయెండుము అనే ఊరుంది. వార్ల్‌పిరి ఆదివాసుల ఊరు. 1946లో ప్రభుత్వం దీన్ని రేషన్ పంచే కేంద్రంగా మొదలుపెట్టింది. రెండు మూడేళ్లకే జనం ఎక్కువైపోయారని అధికారులకు అనిపించింది. కొన్ని కుటుంబాలను ట్రక్కులు ఎక్కించి, ఉత్తరాన సుమారు 600 కిలోమీటర్ల దూరంలో హుకర్ క్రీక్ దగ్గర దించేశారు. ఇప్పుడు ఆ చోటి పేరు లాజమాను. అది గురింజి తెగ వాళ్ల నేల. వార్ల్‌పిరి పూర్వీకుల కథలతో, పవిత్ర స్థలాలతో దానికి సంబంధం లేదు. దించిన వాళ్లు కనీసం రెండుసార్లు ఆ దూరమంతా నడిచి యుయెండుముకు వచ్చేశారు. వచ్చిన ప్రతిసారీ వాళ్లను మళ్లీ ట్రక్కు ఎక్కించారు.

మోటారు బండి వచ్చి ఎడారి ఆదివాసుల సంస్కృతిని చెదరగొట్టిందనే మాట తరచూ వినిపిస్తుంది. మొదటి ముప్పై ఏళ్ల వరకు చూస్తే అది నిజమే, ఎందుకంటే అప్పుడు స్టీరింగు ప్రభుత్వం చేతిలో ఉంది. ఆదివాసుల చేతికి వచ్చాక మాత్రం కథ అడ్డం తిరిగింది. బండి బంధుత్వాలను తెంచలేదు, వాటిని ఇంకా దూరం సాగదీసింది. చిక్కంతా మరోచోట వచ్చిపడింది: ప్రతి బండికీ ఒకే యజమాని ఉంటాడని, అతనొక్కడే దానికి జవాబుదారీ అని నమ్మే చట్టం దగ్గర, అప్పు దగ్గర, రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర.

దారులు కూడా వాళ్ల కోసం పడినవి కావు. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరాలో రాకెట్ పరీక్షా కేంద్రం పెట్టాయి. ఆ పరీక్షల అవసరాల కోసం సర్వేయర్ లెన్ బీడెల్ బృందం 1955-58 మధ్య బుల్డోజరుతో పశ్చిమ ఎడారిని చీల్చుకుంటూ గన్‌బారెల్ హైవే వేసింది. తుపాకీ గొట్టంలా తిన్నగా పోతుందని ఆ పేరు. హైవే అన్నది మాత్రం వాళ్ల వేళాకోళమే, నిజానికి అదొక మట్టిబాట. అలాంటి బాటల వెంటే ప్రభుత్వ గస్తీ బండ్లు వచ్చాయి. 1960ల్లో ఎడారి లోపల మిగిలిన, పింటుపి అనే మరో ఆదివాసీ తెగ కుటుంబాలను ట్రక్కుల్లో తెచ్చి పపున్యా అనే సెటిల్‌మెంటులో, అంటే ఆదివాసులను ఒకచోట చేర్చి ఉంచే ప్రభుత్వ ఊళ్లో పెట్టారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది కొత్త రోగాలకు తట్టుకోలేక చనిపోయారు.

బండి ఆదివాసుల చేతికి రావాలంటే ముందు నగదు రావాలి. అప్పటిదాకా పశువుల ఫారాల్లో చాకిరీకి దక్కేది ఎక్కువగా పిండి, చక్కెర, టీపొడి, పొగాకే. ఆదివాసీ పశుపాలకులకూ తెల్లవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని 1966లో తీర్పు వచ్చింది, 1968 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. జీతం పెరిగేసరికి చాలా ఫారాలు వాళ్లను పనిలోంచి తీసేశాయి. పని పోయినవాళ్లు సెటిల్‌మెంట్లకు చేరారు. పెన్షన్లు, భృతులు నేరుగా చేతికి అందడం కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1976లో యుయెండుము, ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతానికి భూహక్కుల చట్టం వచ్చాక గనుల రాయల్టీ సొమ్ము తోడైంది. టనామి ఎడారిలోని గ్రానైట్స్ బంగారు గని మీద వార్ల్‌పిరి కుటుంబాలకు వచ్చే సొమ్ములో చెప్పుకోదగ్గ వాటా ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకే పోయేది. ఎక్కువగా టొయోటా ల్యాండ్‌క్రూజర్లు కావడంతో, ఊరి పెద్దబండి ఏదైనా అందరి నోటా టొయోటాయే అయింది.

డబ్బు ఒక్కటే దారి కాదు. 1971లో పపున్యాలో మొదలైన చుక్కల చిత్రకళ కొన్నేళ్లకు ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఎడారి చిత్రకారుడికి గ్యాలరీలో ధర ఎంత పలుకుతుందో తెలియకపోయినా, బండి లేకపోతే ఎంత ఇబ్బందో బాగా తెలుసు. కొందరు దళారులు ఈ అవసరాన్నే పట్టుకున్నారు. ఒక డొక్కు సెకండ్‌హ్యాండ్ కారు ఇచ్చి, దానికి ఎన్నో రెట్ల విలువైన కాన్వాసులు పట్టుకుపోయేవాళ్లు. 2006-07లో ఆస్ట్రేలియా సెనేట్ ఆదివాసీ చిత్రకళ మీద జరిపిన విచారణలో ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి.

మరి బండి దొరికాక జనం ఎటు వెళ్లారు? పట్టణం వైపు పరుగు తీస్తారని చాలామంది అనుకున్నారు. కొందరు వెళ్లారు కూడా. అయితే 1970ల నుంచి పెద్ద కదలిక అటు వెనక్కి, సొంత నేలల వైపే సాగింది. సొంత నేల మీద వేసుకున్న చిన్న ఊరును ఔట్‌స్టేషన్ అంటారు, అందుకే దీనికి ఔట్‌స్టేషన్ ఉద్యమం అని పేరు. పపున్యాలో ఏళ్ల తరబడి పరాయివాళ్లలా బతికిన పింటుపిలు 1981లో ఆలిస్ స్ప్రింగ్స్‌కు 500 కిలోమీటర్లకు పైగా పడమరన ఉన్న కింటోర్‌కు తరలిపోయారు. అంత దూరంలో బోరు వేయాలన్నా, పిండి బస్తాలు రావాలన్నా, జబ్బు చేసినవాళ్లను తీసుకెళ్లాలన్నా బండి ఉండాల్సిందే. దూరాల సంగతి తెలియాలంటే ఇంకో లెక్క చూడొచ్చు. అదే 1981లో దక్షిణ ఆస్ట్రేలియాలో పిట్జంట్జట్జారా, యంకునిట్జట్జారా ప్రజలకు చట్టం ద్వారా హక్కు దక్కిన భూమి సుమారు 1.03 లక్షల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ కంటే కాస్త తక్కువ, అంతే. అందులో ఉండేది రెండు మూడు వేల మంది.

ఇంత నేలలో ఒక ఊరికి నాలుగైదు నడిచే బండ్లుంటే, వాటిలో ఎవరెక్కాలి, ఎవరు తోలాలి అన్నది ఊళ్లో అతి పెద్ద రాజకీయం అవుతుంది. వార్ల్‌పిరి సమాజంలో అందుకు పాత లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. ఒక పవిత్ర స్థలానికి, దాని క్రతువుకు తండ్రి వైపు నుంచి హక్కుదారులైన వాళ్లు కిర్దా. తల్లి వైపు నుంచి సంబంధం ఉన్నవాళ్లు కుర్దుంగుర్లు. కిర్దా క్రతువు జరుపుతాడు, అది పద్ధతిగా జరుగుతోందా లేదా అని చూసుకునేది కుర్దుంగుర్లు. ఒకరు లేకుండా ఇంకొకరు అడుగు వేయలేరు. ఈ లెక్కనే టొయోటాకూ అన్వయించి, బండి ఒకరిదైతే తోలాల్సింది అతని కుర్దుంగుర్లు అని వార్ల్‌పిరిలు పట్టుబట్టిన సందర్భాలను 1980ల్లో అక్కడ పనిచేసిన పరిశోధకులు నమోదు చేశారు. పేరు మీద ఉన్నవాడికీ తాళం చేతిలో ఉన్నవాడికీ తేడా ఉండటం వాళ్లకు వింతేం కాదు. రవాణా శాఖకే అది అర్థం కాదు.

అల్లుడు, అత్త ఒకరి కంట ఒకరు పడకూడదనే కట్టుబాటు ఇంకా గట్టిగానే ఉంది. మాట్లాడుకోవడం, పక్కన కూర్చోవడం సంగతి సరేసరి. ఆలిస్ స్ప్రింగ్స్‌కు బయలుదేరే ఒక్క కారులో పదిమంది ఎక్కాలనుకుంటే సీట్లు సర్దడానికే ఎంతో తెలివి కావాలి. ఒక్కోసారి మనిషిని వదిలేసి పోవడం తప్ప దారి ఉండదు.

అన్నిటికంటే పెద్దది అడిగేవాళ్ల ఒత్తిడి. అడిగిన బంధువుకు ఇవ్వడం అక్కడ దాతృత్వం కిందికి రాదు, అది బంధుత్వానికి రుజువు. మొహం మీద లేదనడం అంటే నువ్వు నాకేమీ కావని చెప్పినట్టు. అందుకే బండి ఉన్నవాడు నేరుగా కాదనడు. పెట్రోలు లేదంటాడు, బ్యాటరీ దిగిపోయిందంటాడు. మరీ విసిగిపోతే హంబగ్ ఎక్కువైందని గొణుక్కుంటాడు. పిట్టలా వాలి పీక్కుతినే అడుగుళ్లకు అక్కడి ఇంగ్లిష్‌లో ఆ మాటే వాడతారు. బండి లేనివాడికి ఈ టెన్షన్ లేదు. బండి ఉంటే పరపతి, పరపతి ఉంటే అడిగేవాళ్లు, అడిగేవాళ్లు ఉంటే బండి అరుగుదల. ఇలా తిరిగి తిరిగి ఆరు నెలల్లో అది రోడ్డు పక్కకు చేరుతుంది.

రోడ్డు పక్కకు చేరినంత మాత్రాన దాని పని అయిపోదు. ఎడారి బాటల వెంట తుక్కుగా పడి ఉన్న కార్లను చూసి బయటివాళ్లు చెత్త అనుకుంటారు. ఆ దారిన తిరిగేవాళ్లకు అది స్పేర్ పార్టుల దుకాణం. ఏ బోరుబావి దాటాక ఏ మోడల్ పడి ఉంది, దాని రేడియేటర్ ఇంకా ఉందా, ఎవరైనా పీక్కుపోయారా అన్నది కుర్రాళ్లకు నోటి లెక్క. జాకీ లేకపోతే నలుగురూ కలిసి కారునే పక్కకు పొర్లించి అడుగు భాగం విప్పుతారు. స్టెప్నీ కూడా పంచరైతే టైరులో స్పినిఫెక్స్ గడ్డి గట్టిగా కుక్కి నడిపిస్తారు. బ్రేకు ప్యాడ్ అరిగిపోతే, తుమ్మ జాతికే చెందిన ముల్గా కర్రను గొడ్డలితో చెక్కి బిగిస్తారు. బూమరాంగులు, ఈటెలు చెక్కే చేతులకు ముల్గా గుణం తెలియంది కాదు: ఆ కర్ర బరువు, గట్టిదనం వాళ్లకు చిన్నప్పటి నుంచీ ఎరుకే. యుయెండుములోని వార్ల్‌పిరి మీడియా సంస్థ ఈ విద్య మీద తీసిన బుష్ మెకానిక్స్ సిరీస్ 2001లో ఏబీసీ అనే అక్కడి ప్రభుత్వ టీవీ చానెల్‌లో వచ్చింది. ఆస్ట్రేలియా మొత్తం నవ్వుకుంటూ చూసింది. ఆ నవ్వులో వెక్కిరింత తక్కువ, ఆశ్చర్యం ఎక్కువ.

బండి చావుకు రెండో కారణం మనిషి చావు. చనిపోయిన వ్యక్తి పేరు పలకరు, ఇల్లు ఖాళీ చేస్తారు, వాడిన వస్తువులను కళ్ల ముందు ఉంచుకోరు. కారూ అందులో భాగమే. కొన్నిసార్లు దాన్ని తగలబెట్టారు. ఎక్కువగా దూరపు ఊరి బంధువులకు ఇచ్చేయడమో, వాళ్ల బండితో మార్చుకోవడమో చేస్తారు. బయటివాడి లెక్కలో ఇది నడిచే బండిని పాడుచేసుకోవడం. ఆ కుటుంబానికి మాత్రం రోజూ గుమ్మం ముందు ఆ కారు నిలబడి ఉండటం భరించలేని సంగతి. పైగా ఇచ్చిన బండి కొత్త బంధాన్ని కడుతుంది, కాబట్టి అది పూర్తిగా పోయినట్టూ కాదు.

ఇక ఆడవాళ్ల సంగతి. తొలి దశాబ్దాల్లో టొయోటా మగవాళ్ల సామ్రాజ్యమే. క్రతువుల పని, మీటింగుల పని అంటూ బండి వాళ్లతోనే వెళ్లిపోయేది. ఆడవాళ్లు ఉడుముల వేటకో, తేనె చీమలు తవ్వడానికో పోవాలంటే ఎవరినో బతిమాలాల్సి వచ్చేది. దీనికి జవాబుగా మహిళా సంఘాలు సొంత బండ్లు కావాలని గట్టిగా అడిగి సాధించుకున్నాయి. యుయెండుములో 1991లో పెద్దవయసు ఆడవాళ్లు మొదలుపెట్టిన రాత్రి గస్తీ మొదట్లో కాలినడకనే సాగింది: తాగి గొడవ చేసేవాళ్లను దారికి తెచ్చి ఇంటికి పంపడమే పని. 2005లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్లాక్‌స్టోన్ ఊరి ఆడవాళ్లు ఎడారి గడ్డితో అసలు సైజులో ఒక టొయోటాను అల్లారు. జాతీయ ఆదివాసీ కళా పురస్కారంలో ఆ ఏటి ప్రధాన బహుమతి దానికే వచ్చింది. గడ్డితో ఏదైనా చేయగల చేతులు ఎంచుకున్న వస్తువు అదీ.

క్రతువుల విషయంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. పశ్చిమ ఎడారిలో మగపిల్లవాణ్ని పెద్దవాళ్ల వరుసలో చేర్చే క్రతువుకు ముందు, అతన్ని దూరపు ఊళ్లకు తీసుకెళ్లి అక్కడి బంధువులను వెంటబెట్టుకు రావడం ఆనవాయితీ. కాలినడకన ఆ ప్రయాణానికి నెలలు పట్టేది, కలిసేది పదుల సంఖ్యలో మనుషులే. బండ్లు వచ్చాక ఆ యాత్ర వందల కిలోమీటర్లకు విస్తరించింది. బారులు తీరిన కార్లలో వందల మంది కదిలి వస్తున్నారు. ముత్తాతలు ఎప్పుడూ చూడని తెగలతో ఇప్పుడు వియ్యం, క్రతువు బాధ్యతలు కలుస్తున్నాయి. ఫుట్‌బాల్ పోటీలకూ, అంత్యక్రియలకూ ఇదే వరస. యుయెండుములో ఏటా ఆగస్టులో జరిగే ఆటల పండక్కి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. ఆధునికత వస్తే ఆచారం సన్నగిల్లుతుందనే సూత్రం ఇక్కడ పనిచేయలేదు. కోల్పోయింది లేదని కాదు. బండి పోగల బాట పక్కనున్న స్థలాలను తరచూ చూస్తారు, బాటకు దూరంగా ఉన్నవి ముసలివాళ్ల జ్ఞాపకంలోనే మిగిలిపోతున్నాయి. నడక దారుల్లో నీటి చెలమల వరస చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు.

బండితోపాటు పెట్రోలు ఊళ్లోకి వచ్చింది. పెట్రోలుతోపాటు దాన్ని డబ్బాలో పోసి పీల్చే వ్యసనం పిల్లలను పట్టుకుంది. మెదడు దెబ్బతిని, కాళ్లూ చేతులూ పడిపోయి, కొందరు చనిపోయి, ఎడారి ఊళ్లు దశాబ్దాల పాటు దీంతో నలిగాయి. యుయెండుము పెద్దలు 1994లో చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. పీల్చే పిల్లలను బండెక్కించి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని మౌంట్ థియో ఔట్‌స్టేషన్‌లో పెద్దల దగ్గర వదిలారు. అక్కడ పెట్రోలు దొరకదు, నడిచి పారిపోలేనంత దూరం. వేట, కథలు, పెద్దల మాట. ఒకప్పుడు ప్రభుత్వం దూరాన్ని శిక్షగా వాడింది, వీళ్లు మందుగా వాడారు. కొన్నేళ్లకు ఆ ఊళ్లో వ్యసనం దాదాపు లేకుండా పోయింది. మిగతా ఎడారి అంతటికీ ఊరట 2005లో వచ్చిన ఓపల్ ఇంధనంతో మొదలైంది. మామూలు పెట్రోలులో సుమారు 25 శాతం ఉండే ఆరోమాటిక్ పదార్థాలు ఇందులో 5 శాతమే, కాబట్టి పీల్చినా మత్తెక్కదు. 2013లో దీని కోసం ప్రత్యేక చట్టమే చేశారు.

రోడ్డు ప్రమాదాల విషయంలో ఇలాంటి ఒక్క మందు లేదు. జనాభా నిష్పత్తిలో చూస్తే దేశంలో రోడ్డు మరణాలు ఎక్కువగా జరిగేది నార్తర్న్ టెరిటరీలోనే. పాత బండి, కిక్కిరిసిన జనం, సీటు బెల్టు లేకపోవడం, సహాయం రావడానికి గంటలు పట్టే దూరం, మందు, అన్నీ కలిసి ప్రాణం తీస్తాయి. అయితే పోలీసులు పట్టుకునేది ముందుగా కాగితాలనే. లైసెన్సు కావాలంటే పుట్టినరోజు ధ్రువపత్రం ఉండాలి, అది చాలామందికి లేదు. రాత పరీక్ష ఇంగ్లిష్‌లో, కార్యాలయం వందల కిలోమీటర్ల అవతల. లైసెన్సు లేకుండా తోలితే జరిమానా, మళ్లీ పట్టుబడితే ఇంకో కేసు, చివరికి జైలు. 2012లో నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం డ్రైవింగ్ పరీక్షలనే మారుమూల ఊళ్లకు తీసుకెళ్లే పథకం పెట్టింది. అప్పటికే ఒక తరం నేరచరిత్ర మూటగట్టుకుంది.

2008 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని లావర్టన్‌లో తాగి బండి నడిపాడన్న కేసులో వార్‌బర్టన్ ఊరికి చెందిన ఒక న్గాన్యాట్జర్రా తెగ పెద్దను అరెస్టు చేశారు. చనిపోయినవాళ్ల సొంత పేరు పలకని ఆచారం వల్ల ఆయన్ని మిస్టర్ వార్డ్ అని మాత్రమే రాస్తారు. మండు వేసవిలో కల్గూర్లీకి 360 కిలోమీటర్లు ఆయన్ని ఖైదీల వ్యాను వెనక భాగంలో తీసుకెళ్లారు. ఏసీ పనిచేయలేదు. వడదెబ్బకు ఆయన ప్రాణం పోయింది. బండిని సంఘటితంగా, పద్ధతిగా, లైసెన్సుతో నడిపే రాజ్యం చేతిలోనే ఇది జరిగింది.

యజమాని ప్రశ్న నేరుగా కోర్టుకెక్కిన కేసు ఒకటుంది. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో మింటబీ అనే ఓపల్ రత్నాల గనుల ఊళ్లో ఒక జనరల్ స్టోర్ ఉండేది. చుట్టుపక్కల ఆదివాసులకు సరుకులతోపాటు సెకండ్‌హ్యాండ్ కార్లు అప్పు మీద ఇచ్చేది. అప్పులో ఎక్కువ భాగం కార్లదే. హామీగా ఖాతాదారులు తమ డెబిట్ కార్డును, పిన్ నంబరును యజమానికి అప్పగించాలి. భృతి పడిన రోజే అతను ఖాతా ఊడ్చేసి, తన వాయిదా పట్టుకుని, మిగతాది అవసరానికి కొంచెం కొంచెంగా విడిచేవాడు. ఇది మనస్సాక్షి లేని వ్యాపారమని నియంత్రణ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2019 జూన్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, 4-3 తేడాతో ఆ వాదన ఒప్పుకోలేదు. ఖాతాదారులకు ఈ ఏర్పాటు ఎలాంటిదో తెలుసని, వాళ్లు కావాలనే కొనసాగారని మెజారిటీ భావించింది. బంధువుల అడుగుళ్ల నుంచి డబ్బును కాపాడుకోవడానికి అది కొంత పనికొచ్చిందన్న సాక్ష్యం కూడా కోర్టు ముందుంది. ముగ్గురు న్యాయమూర్తులు గట్టిగా విభేదించారు.

తీర్పు ఎటున్నా అందులోంచి కనిపించేది గమనించాలి. హంబగ్ నుంచి తప్పించుకోవడానికి కార్డును దుకాణదారుడికి ఇవ్వడం, బండి తాళాన్ని దాచినట్టే, ఆ సమాజపు సొంత లౌక్యం. ఆ లౌక్యానికి బయట దొరికిన ఒకే ఒక్క తాళం చెవి అప్పిచ్చేవాడి జేబులో ఉంది. బ్యాంకు గానీ ప్రభుత్వం గానీ కుటుంబం మొత్తం పేరు మీద బండి కొనే పద్ధతి ఏదైనా చూపించి ఉంటే ఈ కేసుకు అవసరమే ఉండేది కాదు.

అలాంటి పద్ధతి అసాధ్యమేమీ కాదని పింటుపిలే చూపించారు. కిడ్నీలు పాడైన ఎడారివాసులకు డయాలసిస్ ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే దొరికేది. వారానికి మూడుసార్లు యంత్రానికి కట్టుబడి ఉండాలి కాబట్టి ఎంత మంచి టొయోటా ఉన్నా ఊరికి పోలేరు. 2000 నవంబరులో కింటోర్, కివిర్‌కురా చిత్రకారులు వేసిన కాన్వాసులను సిడ్నీలో వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో పుట్టిన సంస్థ 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మొదలుపెట్టింది. అందరూ దాన్ని పర్పుల్ హౌస్ అంటారు, బోర్డులో కూర్చునేది ఎడారి ఊళ్లవాళ్లే. 2011లో అది డయాలసిస్ కుర్చీలు బిగించిన పెద్ద ట్రక్కును రోడ్డెక్కించింది. క్రతువుకో, అంత్యక్రియలకో, ఆటల పండక్కో ఊరెళ్లాలనుకునే రోగుల కోసం ఆ ట్రక్కు ముందే అక్కడికి చేరి నిలబడుతుంది. దళారులు డొక్కు కారుకు మార్చుకుపోయిన బొమ్మల లాంటి బొమ్మలే ఈ బండికి పెట్టుబడి.